ఆ ఆదివారం నేను తిన్న నాలుగు ముక్కలు

ఎనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, పదిమంది చూస్తుండగా, నేను నాలుగు బంగాళాదుంప ముక్కలు తిన్నాను. అప్పట్నుంచీ వాటిని మోస్తూనే ఉన్నాను. మా ఆవిడకి చెప్పలేదు. గుళ్లో దేవుడి ముందు నిలబడి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమోనని కూర్చున్నాను.

నవ్వొస్తుందని తెలుసు. నాలుగు దుంప ముక్కలా? ఇదీ ఒక పాపమేనా? నేనూ అలాగే అనుకుని నవ్వుకుందామని చూశాను. కుదరలేదు.

మాది శ్రీకాకుళం. ఒక జూట్ మిల్లులో పద్దెనిమిదేళ్లు టైమ్‌కీపర్‌గా చేశాను. ఎవరెప్పుడు వచ్చారు, ఎవరు ఆలస్యం, ఎవరు రాలేదు, ఇవి రాసుకోవడం నా పని. గేటు దగ్గర నన్ను చూస్తే మనుషులు నడక పెంచేవారు. అదొక దర్జా. ఒకరోజు ఆ గేటుకే తాళం పడింది. తర్వాత రెండున్నరేళ్లు ఖాళీ. మొదట్లో బంధువులు "ఏటి బావా, ఎక్కడైనా సూసుకున్నావేటి?" అని అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు. అడిగినప్పటికంటే మానేశాకే ఎక్కువ బాధగా ఉండేది. పెళ్లిళ్లకి వెళ్లడం మానుకున్నాను. మా ఆవిడ కుట్టుమిషను చప్పుడు వింటూ మంచం మీద పడుకుని ఉండేవాణ్ని. ఆ చప్పుడు ఆగితే, నన్నేదో అడుగుతుందేమోనని కళ్లు మూసుకునేవాణ్ని.

అప్పుడు ఆదివారాలు మొదలుపెట్టాను. మా వైపు ఇది మామూలే. అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుని, ఆదివారం పొద్దున్నే గుడికెళ్లొచ్చి, ఆ రోజంతా నీసు ముట్టకుండా ఉంటారు. కళ్ల జబ్బుకి, చర్మం జబ్బుకి, సంబంధం కుదరడానికి, ఎవరి కష్టం వారిది. నాకు ఉద్యోగం కావాలి. నాలుగైదు నెలలు ఉన్నాక ఉద్యోగం వచ్చింది. ఎక్కడో తెలుసా? అరసవల్లి రోడ్డులోనే కొత్తగా పెట్టిన ఒక ఫాస్ట్‌ఫుడ్ షాపులో. కోళ్లు వేయించే ఉద్యోగం! దేవుడు వరమిచ్చాడో వేళాకోళం చేశాడో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

నలభై మూడేళ్ల వయసు. తలమీద ఎర్ర టోపీ, ఒంటికి ఏప్రాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా "వెల్‌కమ్ సార్" అనాలి. మిల్లులో నాతో పనిచేసినవాళ్లెవరైనా పిల్లల్ని తీసుకొస్తే లోపల గోదాములోకి జారుకునేవాణ్ని. టోపీని స్కూటరు డిక్కీలో దాచుకుని వచ్చి షాపులోకి అడుగుపెట్టాకే పెట్టుకునేవాణ్ని. కానీ ఒక మాట నిజం చెప్పాలి. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరడానికి నాకొక చోటు దొరికింది. ఆ సంతోషం ఎంతంటే, మొదటి వారం స్కూటరు మీద వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

నాకు పని నేర్పింది రత్నం. నాకంటే అయిదారేళ్లు చిన్నది. భర్త లేడు, తల్లితో ఉండేది. వాళ్ల తాతల కాలం నుంచీ బాప్టిస్టు చర్చి కుటుంబం. నన్ను మొదటి రోజే "అన్నియ్యా" అని పిలిచింది. నూనె ఎంత కాగాక బుట్ట దించాలో, చిటపట తగ్గే చప్పుడుని బట్టి ముక్క ఉడికిందని ఎలా తెలుసుకోవాలో అన్నీ చెప్పింది. నేను రెండుసార్లు చెయ్యి కాల్చుకుంటే నవ్వలేదు. పేస్టు రాసింది.

ఆ షాపుకి ఒక కట్టుబాటు ఉంది. గుడికి వచ్చేపోయే దారి కదా, ఆదివారం వచ్చే జనంలో సగం మంది నీసు ముట్టరు. పిల్లలు మాత్రం కోడి కావాలని మారాం చేస్తారు. అందుకని రెండు ఫ్రయ్యర్లు పెట్టారు. ఎడమవైపుది కోడికి, కుడివైపుది దుంప ముక్కలకీ కూరగాయల కట్లెట్లకీ. రెండు పటకార్లు. ఎర్ర పిడి కోడికి, ఆకుపచ్చ పిడి కూరగాయలకి. ఒకదాని పని రెండోది చెయ్యకూడదు. గోడ మీద బోర్డు కూడా రాయించారు: శాకాహారం వేరే నూనెలో వేయించబడును. కోడి వేయించిన నూనెని ముందురోజే దించి డబ్బాల్లో పోసి, ఆ డబ్బా పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంచేవాళ్లం. కుడివైపు ఫ్రయ్యరుకి మాత్రం కొత్త డబ్బా విప్పాలి.

ఆ ఆదివారం పొద్దున షాపు తెరిచే వంతు నాది. గుళ్లో లైను కదల్లేదు. దర్శనం కాకుండా వెనక్కి రాలేక నిలబడిపోయాను. షాపుకి ఆలస్యంగా వచ్చాను. పద్దెనిమిదేళ్లు ఇతరుల ఆలస్యం రాసినవాణ్ని! మేనేజరు వచ్చేలోగా అన్నీ సిద్ధంగా ఉండాలని ఉరుకుల పరుగుల మీద నూనెలు పోసేశాను. మూణ్ణెల్ల ట్రయల్ ఆ వారంతో అయిపోతుంది. ఉంచుతారో తీసేస్తారో మేనేజరు రాసి పంపాలి.

పదిన్నరకి ఖాళీ డబ్బాలు వెనక పెడదామని ఎత్తాను. కుడివైపు ఫ్రయ్యరు కింద ఉన్న ఖాళీ డబ్బా పిడికి ఎర్ర పీలిక ఉంది.

కోడి నూనె, అడుగున దిగిన తోలు తునకల మడ్డితో సహా, కుడివైపు పోసేశాను. ఏం చెయ్యాలో తెలియనిది కాదు. ఆపెయ్యాలి. నూనె చల్లారనివ్వాలి, దించాలి, కడగాలి, కొత్త డబ్బాకి మేనేజరు సంతకం అడగాలి. ఆదివారం గిరాకీలో గంటన్నర శాకాహారం లేదని చెప్పాలి. ఎందుకని అడిగితే ఆలస్యం గురించీ చెప్పాలి. నేను ఆ పీలిక విప్పి జేబులో పెట్టుకున్నాను. రత్నం వచ్చాక చెబుదాం, ఆమెకైతే ఉపాయం తెలుస్తుంది అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, ఇప్పుడు అనుకుంటున్నానా? తెలియదు. పీలిక ఎందుకు విప్పినట్టు మరి?

రత్నం ఆదివారాలు చర్చిలో ఆరాధన అయ్యాక పదకొండున్నరకి వచ్చేది. అలా రావడానికి మేనేజరు దగ్గర అనుమతి తీసుకుంది, దానికి బదులు మిగతా రోజుల్లో ఎక్కువసేపు ఉండేది. ఆ రోజు వచ్చేసరికే జనం తలుపు దాకా నిలబడ్డారు. తెల్లచీర మీద ఏప్రాను కట్టుకుంటూ, "నువ్వు కౌంటర్ సూసుకో అన్నియ్యా, నూనె కాడ నానుంతాను" అంది. నేను నోరు తెరిచాను. ఎవరో బిల్లు చాపారు. అందుకున్నాను. అంతే. ఆ తర్వాత గంటన్నరలో ఆమె నా పక్కనుంచి ఇరవైసార్లు వెళ్లుంటుంది.

ఒంటిగంట దాటాక ఒక కుటుంబం వచ్చింది. ఒక పెద్దావిడ, నల్లకళ్లద్దాల కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు. కూతురికి కంటి ఆపరేషను అయింది. ఆ కళ్ల కోసం పెద్దావిడ ఆదివారాలు ఉంటోంది. ఇవన్నీ గొడవలో బయటపడ్డాయి. ఆవిడ తన కోసం దుంప ముక్కలు మాత్రం చెప్పింది. కౌంటర్లో రాసుకుంది నేనే. "నూనె వేరేనే కదా బాబూ?" అని అడిగింది. బోర్డు వైపు చెయ్యి చూపించాను. నోటితో చెప్పలేదు. నోటితో చెప్పకపోతే అబద్ధం కాదని కాబోలు.

కాసేపటికి పెద్దావిడ కేక వినిపించింది. దుంప ముక్కకి అంటుకుని వేలిగోరంత కోడితోలు వచ్చింది. నోట్లో సగం నమిలాక తెలిసింది. ఆవిడ తిట్టలేదు. చేతులు కడుక్కునే కొళాయి దగ్గరకెళ్లి నోరు పుక్కిలిస్తూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. "అమ్మా, పరవాలేదే" అని కూతురు ఆ నల్లద్దాలతోనే వీపు రాస్తోంది. అల్లుడు మాత్రం బల్ల గుద్దాడు.

"ఎవులు వేయించినారో బయటికి రమ్మనండి!"

రత్నం వచ్చింది. ఆమె మెడలో శిలువ గొలుసు ఉండేది. అతను ఆ గొలుసునే చూశాడు. "అదీ సంగతి. మీకు మా ఆదివారమంటే లెక్కేటి?" అన్నాడు.

మేనేజరు కుర్రవాడు, విశాఖ నుంచి వచ్చినవాడు. షాపు పరువు కాపాడుకోవాలి. ఆదివారాలు నేను ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చుకుని విడిగా తినడం చూశాడు కదా, నా భుజం మీద చెయ్యి వేసి ముందుకి తీసుకొచ్చాడు. "ఈయనా ఆదివారాలు ఉంటారండీ. పొద్దున నూనె పోసింది ఈయనే. మీరే అడగండి."

అప్పుడు నేనన్న మాట ఇది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"కొత్త డబ్బాయే సార్. నా సేత్తో విప్పి పోసినాను. నాకు తెల్దేటి? నానూ ఆదివారాలుంతాను."

ఆ చివరి మాట ఎందుకన్నాను? మొదటిదొక్కటే అయితే భయం అనుకోవచ్చు. మళ్లీ ఆ మంచం, ఆ కుట్టుమిషను చప్పుడు, ఆ భయం. కానీ చివరి మాట? నేను ఈ పక్క, ఆమె ఆ పక్క అని నా నోటితోనే గీత గీశాను కదా. నాలో ఆ గీత ముందునుంచీ ఉందా? పేస్టు రాసిన చేతిని నేను అలా చూస్తున్నానా అన్నాళ్లూ? లేదనే అనుకుంటాను. కానీ లేని గీత అంత వేగంగా ఎలా పడింది?

మేనేజరు అక్కడితో ఆగలేదు. కుడివైపు ఫ్రయ్యరులోంచి అప్పుడే తీసిన బుట్ట తెప్పించాడు. "తిని చూపించండి. నూనెలో తేడా ఉంటే ఆదివారం ఉన్న మనిషి తింటాడా?" అన్నాడు.

తిన్నాను. ఒకటి. రెండు. వేడికి నాలుక కాలింది. అల్లుడు చూస్తున్నాడు, పెద్దావిడ తడిమూతి తుడుచుకుంటూ చూస్తోంది. మూడు. నాలుగు. రత్నం చూస్తోంది. నా జేబులో ఎర్ర పీలిక ఉంది.

నూనె మంచిదని తేలాక ఇంకేం మిగిలింది? పటకారు. అందరూ రత్నం చేతుల్లోకి చూశారు. హడావిడిగా వచ్చింది కదా, రెండు పటకార్లూ రెండు చేతుల్లో అలాగే ఉన్నాయి. "నాను కలపనేదు సారూ" అంది. మళ్లీ నా వైపు చూసింది, చేతుల వైపు చూసుకుంది. "ఏమో సారూ. తొందర్లో కలిసిపోనాదేమో" అంది. పెద్దావిడ దగ్గరకెళ్లి చేతులు పట్టుకోబోయింది. ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది.

రేపట్నుంచి రావద్దని మేనేజరు అక్కడే చెప్పేశాడు. అలా చెబితేనే అల్లుడు చల్లబడ్డాడు. రత్నం ఏప్రాను మడతపెట్టి, ఆకుపచ్చ పటకారు నా చేతికిచ్చింది. "ఆ నూనె మార్సీ అన్నియ్యా. మరొకలకి పెట్టకు" అంది. వెళ్లిపోయింది.

ఆమెకి తెలుసు! నేను అలా అనుకున్నాను. నూనె సంగతి తెలిసి, నన్ను బయటపెట్టకుండా, నా ఉద్యోగం కోసం తలవంచుకుని వెళ్లిపోయిందని. ఎనిమిదేళ్లు ఆ మాట పట్టుకునే బతికాను. తెలిసీ ఊరుకుందంటే మన్నించినట్టే కదా? మూడింటికి నూనె మార్చాను. ఆ వారమే నన్ను పర్మనెంటు చేశారు. ఇప్పుడు ఆ షాపులో షిఫ్టు ఇన్‌చార్జిని. కొత్తగా చేరినవాళ్లకి పటకార్ల సంగతి చెప్పేది నేనే. నా అంత గట్టిగా ఎవరూ చెప్పరని పేరు.

ఆదివారాలు మాత్రం ఆ తర్వాతి వారమే మానేశాను. ఉద్యోగం వచ్చేసిందిగా, చాల్లే అన్నాను మా ఆవిడతో. నిజమేమిటంటే, నా మొక్కు అప్పటికే చెడిందో లేదో తెలియక. పెద్దావిడ మొక్కు నా వల్ల చెడితే ఆ పిల్ల కళ్లేమయ్యాయి? వేలిగోరంత తోలు చూసి కన్ను తీసేసే దేవుడా ఆయన? కాకపోతే, నాకు ఉద్యోగం ఇచ్చింది మాత్రం ఆయనేనని ఎలా అనుకోను? రెండూ నమ్మలేను, రెండూ వదల్లేను. అరసవల్లి రోడ్డులో గుడి మలుపు దాకా వెళ్తాను, లోపలికి వెళ్లను.

పోయిన నెల ఒక నిశ్చితార్థానికి విజయనగరం వెళ్లాను. గంటస్తంభం దగ్గర ఆటో కోసం చూస్తుంటే వెనకనుంచి "అన్నియ్యా!" అన్నారెవరో. రత్నం. జుట్టు నెరిసింది. తల్లి పోయాక అక్కడే అన్నగారింటికి దగ్గర్లో ఉంటూ, ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోందట. చేతిలో కూరగాయల సంచి. నన్ను చూసి ముఖమంతా వికసించింది. నా షుగరు గురించి, మా ఆవిడ గురించి అడిగింది. నేను ఎదురుచూశాను. ఇప్పుడంటుంది, నీ గురించి నాకు తెలుసు అంటుంది, అనుకున్నాను. అనాలనే కోరుకున్నానేమో.

"ఆ యమ్మగోరి ఏడుపు మరిసిపోనేకపోతన్నాను అన్నియ్యా" అంది. "పెతి ఆదివారం ఆ పిల్ల కళ్ల కోసం పార్దన సేస్తన్నాను. నా సెయ్యే తప్పు సేసింది గదా."

"నీ సెయ్యని ఎలగ తెలిసింది?" అన్నాను.

"మొదట నానూ నమ్మనేదు. నూనెలోనే ఏదో ఉన్నాదనుకున్నాను. గానీ నువ్వు తిన్నావు కదా! ఆదివారం ఉన్నోడివి, తేడా ఉంతే తింతావేటి? అప్పుడే తెలిసిపోనాది, నా పటకారే కలిసిపోనాదని. అందుకే గదా నూనె మార్సీమన్నాను. ఇప్పటికీ హాస్టల్లో గుడ్లకో గరిట, కూరకో గరిట. రెండుసార్లు సూసుకుంతాను. ఐనా సెయ్యి వణుకుతాది."

ఆటో వచ్చింది. ఎక్కుతుంటే అడిగింది. "ఆదివారాలు ఇంకా ఉంతన్నావా అన్నియ్యా?"

"ఉంతన్నాను" అన్నాను.

ఎందుకన్నాను? అక్కడ మేనేజరు లేడు. పోయే ఉద్యోగం లేదు. ఆమె ఒక్కత్తే ఉంది, నేను తప్పు చేయని మనిషినని ఇంకా నమ్ముతున్న మనిషి. ఆ నమ్మకం పోగొట్టుకోలేకపోయానా? నా వల్ల ఆమె ఎనిమిదేళ్లు చెయ్యి వణికించుకుంటే, నేను ఆమె దగ్గర మంచివాడిలా ఇంకొంత కాలం ఉండాలనుకున్నానా? ఇప్పుడు వెళ్లి చెబితే ఆమె బరువు దిగుతుందా, నాది మాత్రమే దిగుతుందా? ఎనిమిదేళ్ల ప్రార్థనలన్నీ తప్పు చేత్తో చేసినవని తెలిస్తే నవ్వుతుందా, కూలబడుతుందా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. విజయనగరం బస్సు గంటకొకటి ఉంది. ఆ సంగతీ నాకు తెలుసు.

ఆ ఎర్ర పీలిక ఇప్పటికీ నా దగ్గరుంది. స్కూటరు డిక్కీలో, పాత టోపీ కింద. ఈ రోజు దాన్ని తీసి ఈ కాయితం పక్కన పెట్టుకుని రాస్తున్నాను. మీరు నన్ను ఏమనుకున్నా అనుకోండి, మన్నించమని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. ఆమెతో అనాల్సిన మాట ఒక్కసారి ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి, అంతే. ఇదిగో, రాసేస్తున్నాను.

కుడివైపు కోడి నూనె పోసింది నేను. పదిన్నరకే తెలుసు. తెలిసే ఆవిడకి బోర్డు చూపించాను. తెలిసే తిన్నాను.

రత్నం, నీ పటకారు కలవలేదు.